టైమర్ వినని తూటా

శనివారం ఉదయం 10 గంటల 42 నిమిషాలకు, పిస్తోలు పోటీలో ఆరో స్టేజి, అంటే ఆరో కాల్పుల ఆవరణలో, లీజెల్ అలార్దె చేతిలో పిస్తోలు పగిలింది. కుడి అరచెయ్యి చీలింది. 11.05కి ఆమెను ఇలోయిలో నగరంలోని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కాల్పులు ఆపేశారు. మధ్యాహ్నం రెండింటికి ఏడో స్టేజితో పోటీ మళ్ళీ మొదలవుతుందని మైకులో చెప్పారు.

కెప్టెన్ రోసాలీ గెల్వెజోన్ 12.35కి వచ్చింది. ప్రావిన్సులో ఎక్కడ తుపాకి ప్రమాదం జరిగినా చూడాల్సింది ఆమే. సాన్ ఇసిద్రో ఆమెకు కొత్త ఊరు కాదు. ఆరో తరగతి దాకా అక్కడే చదువుకుంది.

టౌన్ పోలీసు అధికారి మేజర్ రోడెల్ పలోమార్ క్యాంటీన్ రేకుల కింద అన్నంలో కాల్చిన చికెన్ నంజుకుంటున్నాడు. యూనిఫాంలో లేడు. వీపు మీద పేరు రాసిన పోటీ చొక్కా వేసుకుని, నడుముకి మ్యాగజైన్ల బెల్టు కట్టుకుని ఉన్నాడు. ఉదయం అతనూ కాల్చాడు. పిస్తోలు పగిలాక పోలీసయ్యాడు.

"ఈ ఎండలో ఇంత దూరం రానక్కర్లేకపోయింది కెప్టెన్," అన్నాడు. "ముసలాయన ఒప్పేసుకున్నాడు. రెండింటికి ఏడో స్టేజిలో మొదటి పేరు నాదే. నా వంతు కాగానే ఆయన్ని జీపులో స్టేషన్‌కి తీసుకెళ్తాను. మీరు కూర్చోండి, కాస్త తినండి."

"ఏం ఒప్పుకున్నాడు?"

"ఒక తూటాలో మందు రెండుసార్లు పోశానని."

"పోశానన్నాడా, పోసుంటానన్నాడా?"

పలోమార్ ఎముకను పళ్ళెం అంచున పెట్టాడు. "ఎలా అన్నా అమ్మాయి చెయ్యి చీలింది."

బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. నిర్లక్ష్యం వల్ల గాయపరచడం. తూటాలు నింపే లైసెన్సు రద్దు. ప్రెస్సు, అచ్చులు, ఆకురాళ్ళు స్వాధీనం. కింద ఎస్తెబాన్ గుంబాన్ అన్న పేరుంది. సంతకం లేదు.

"ఎందుకు పెట్టలేదు?"

"నీళ్ళు తాగి పెడతానన్నాడు. రెండింటిలోపు పెడతాడు."

---

అందరూ తెబాన్ అని పిలిచే గుంబాన్‌ని స్కోర్లు రాసే గదిలో కూర్చోబెట్టారు. ఆయన వయసు అరవై ఎనిమిది. నలభై ఒక్క ఏళ్ళుగా సాన్ ఇసిద్రోలో పోటీ పిస్తోళ్ళు సరిచేసేదీ, వాటికి తూటాలు నింపేదీ ఆయనే. పగిలిన పిస్తోలూ ఆయన చేతిదే, తూటాలూ ఆయనవే. లీజెల్‌కి జ్ఞానస్నానం ఇచ్చినప్పుడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి, ఆమె నినోంగ్, కూడా ఆయనే.

"మానోంగ్ తెబాన్," అంది, ఆ ఊళ్ళో పెద్దవాళ్ళని పిలిచే తీరులో. "నేను రోసాలీని. పోస్టాఫీసు వెనక గెల్వెజోన్ వాళ్ళమ్మాయిని."

"తెలుసు ఇందాయ్," అన్నాడు, ఊళ్ళో ఆడపిల్లల్ని పిలిచినట్టే. " మీ నాన్న సైకిల్ బ్రేకు నేనే వేశాను." ఆయన తలెత్తలేదు. "పిల్ల చెయ్యి ఎలా ఉంది?"

"కుట్లు వేస్తున్నారు. ఎముకకి ఏం కాలేదు."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు.

"ఈ తూటాలు ఎప్పుడు నింపారు?"

"గురువారం. పలక మీద యాభై బెజ్జాలుంటాయి. ఖాళీ ఇత్తడి గుల్లలన్నీ నిలబెట్టి వరసగా మందు పోసుకుంటూ పోతాను. ఆ తర్వాత గుండు కూర్చి ప్రెస్సులో నొక్కుతాను. ముప్పై ఒకటో గుల్ల దగ్గర కరెంటు పోయింది. నాలుగూ పదికి. వచ్చేసరికి నాలుగూ యాభై."

"మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టారు?"

"ముప్పై రెండులో." ఆగాడు. "ముప్పై రెండులోనే అనుకుంటా."

"గుండు కూర్చే ముందు టార్చి వేసి చూస్తారు కదా?"

"చూశాను. కళ్ళయితే చూశాయి. మనసు చూసిందో లేదో చెప్పలేను. రెండుసార్లు మందు పడితే గుల్ల అంచు దాకా వస్తుంది, గుడ్డివాడికైనా తెలియాలి."

"నిండిన తూటాని తూకం వేస్తే తెలియదా?"

"ఏ గుల్ల బరువు దానిదే ఇందాయ్. మందు తేడా అందులో కలిసిపోతుంది. మందు సంగతి కంటితోనే చూసుకోవాలి."

"ఆమె పిస్తోలు సరిచేయడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"రెండు నెలలు. బ్యారెల్‌ని స్లైడ్‌కి, అదే వెనక్కీ ముందుకీ జరిగే పైభాగానికి, కూర్చేటప్పుడు రోజుకి రెండు ఆకురాయి గీతలకన్నా గీయను. ఒక్క గీత ఎక్కువైతే మళ్ళీ అతుక్కోదు. ట్రిగ్గర్ లాగితే గాజుపుల్ల విరిగినట్టు విరగాలి, ఆ పిల్లకి అలాగే కావాలి." ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఇంక ప్రెస్సు ముట్టుకోను. మేజర్ తీసుకెళ్ళినా తీసుకెళ్ళకపోయినా."

"రెండింటిదాకా సంతకం పెట్టకండి."

"ఏమవుతుంది రెండింటికి?"

"తెలీదు. మేజరూ రెండింటిదాకా తీరిగ్గానే ఉన్నాడు కదా."

---

12.58కి ఆమె ఆరో స్టేజిలోకి వెళ్ళింది. పిస్తోలు పగిలినప్పుడు లీజెల్ పక్కన టైమర్ పట్టుకుని ఉన్న రేంజి అధికారి ఆర్నెల్ నోబ్లెసా, స్టేజి చుట్టూ కట్టిన తాడు దగ్గర కాపలా ఉన్నాడు. ఎవర్నీ లోపలికి రానివ్వలేదని చెప్పాడు.

"ఎన్ని తూటాలతో మొదలుపెట్టింది?"

"ఇరవై మేడమ్. లోడ్ చేసేటప్పుడు చూశాను."

"కాలనివి ఎన్ని?"

"మ్యాగజైన్ ఊడి కింద పడింది. దాన్లోవీ నేలమీదవీ కలిపి ఏడు."

"అంటే పదమూడు కాలాయి. టైమర్ ఎన్ని అంటోంది?"

ఆర్నెల్ జేబులోంచి టైమర్ తీశాడు. ప్రతి పేలుడు శబ్దాన్నీ విని సెకనులో నూరో వంతు దాకా రాసుకునే పెట్టె అది. అతను బటన్ నొక్కుకుంటూ పోయాడు.

"పన్నెండు."

"మళ్ళీ చూడు."

"పన్నెండే మేడమ్. పన్నెండోది పగిలినప్పటి శబ్దం."

రోసాలీ వంగి నేలమీది ఇత్తడి గుల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. పన్నెండున్నాయి. అన్నిటి అడుగునా తెబాన్ పెట్టే ఆకుపచ్చ గీత ఉంది. పదమూడో గుల్ల పిస్తోలులోనే చీలి ఉంది.

"పన్నెండు గుల్లలు బయట, ఒకటి లోపల. శబ్దాలు పన్నెండే. ఒక తూటా కాలింది కానీ టైమర్ వినలేదు. పగలడానికి ముందు ఎంత వ్యవధి ఉంది?"

"ఒకటీ పాయింట్ మూడు ఒకటి సెకన్లు. ఆ ముందువన్నీ పావు సెకను లోపే."

"అక్కడ నడిచిందా? మ్యాగజైన్ మార్చిందా?"

"లేదు. నిలబడే ఉంది." ఆర్నెల్ మొహం మారింది. "స్లైడ్ లాగింది మేడమ్. ఇప్పుడు గుర్తొస్తోంది. ఒకసారి లాగి మళ్ళీ కాల్చింది."

"చిన్న శబ్దం వచ్చుండాలి. నువ్వెందుకు ఆపలేదు?"

"పక్కన ఐదో స్టేజిలో కాలుస్తున్నారు. నాకేం వినపడలేదు."

"ఆమె ఎందుకు ఆగలేదు?"

"వీళ్ళ చేతులు ఆగవు మేడమ్. పిస్తోలు మొరాయిస్తే స్లైడ్ లాగు, మళ్ళీ నొక్కు. రోజుకి రెండొందలసార్లు అదే సాధన. బుర్రకి తెలిసేలోపు వేలు పని కానిచ్చేస్తుంది."

పిస్తోలు ట్రేలో ఉంది. రోసాలీ బ్యారెల్ మీద గోరు పెట్టి లాగింది. మధ్యకి వచ్చేసరికి గోరు ఎగిరింది. చుట్టూ ఉంగరంలా ఉబ్బి ఉంది. చీలిన గుల్లని లాగేసి, మూతి దగ్గర టార్చి పెట్టి వెనకనుంచి చూసింది. వెలుగు రాలేదు. రెండు వైపుల నుంచీ సన్నటి కడ్డీ దూర్చి కొలిచింది. లోపల రెండు గుళ్ళు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని ఉన్నాయి.

మందు ఎక్కువైతే పగిలేది తూటా కూర్చున్న చోట. బ్యారెల్ మధ్యలో ఉంగరం పడదు. ఒక తూటాలో మందే లేదు. గుల్ల అడుగున మందుని అంటించే ప్రైమర్ నిప్పు ఒక్కటే గుండుని కొంత దూరం నెట్టి వదిలేసింది. వెనక వచ్చిన మంచి తూటాకి దారి లేక, ఆ ఒత్తిడి గుల్లని చీల్చి పిడిని పగలగొట్టింది.

స్లైడ్ మాత్రం చెక్కుచెదరలేదు. అది ఊడి వెనక్కి వచ్చుంటే మొహానికి తగిలేది. రోజుకి రెండు గీతల లెక్కన కూర్చింది అది.

---

1.20కి పలోమార్ తాడు దాటి వచ్చాడు. రోసాలీ చెప్పింది విన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించే రకమే, కానీ తెలివితక్కువవాడు కాదు. కడ్డీ తీసుకుని తనూ కొలిచాడు.

"అయితే మందు ఎక్కువ కాలేదు. అసలు లేదు."

"లేదు."

"ఇంకా మంచిది. కరెంటు పోయినప్పుడు ముసలాయన ఒక గుల్ల దాటేశాడు." మడతపెట్టిన కాగితం తీసి, మోకాలి మీద ఆనించి, 'రెండుసార్లు పోశాను' అన్నది కొట్టేసి 'పోయడం మరిచాను' అని రాశాడు. "చూశారా, మీ దర్యాప్తు వల్ల నా కాగితం బాగుపడింది."

"టార్చి వేసి చూశానంటున్నాడు."

"చూశాననే అనుకుంటున్నానన్నాడు. నాకూ అదే చెప్పాడు. కెప్టెన్, నాకు ఆయన మీద పగేం లేదు. నా పిస్తోలు ట్రిగ్గరూ ఆయనే చేశాడు. చేతకానప్పుడు మానుకోవాలి. ఈసారి చెయ్యి, వచ్చేసారి కన్ను."

ఆమె టార్చి ఆర్పి జేబులో పెట్టుకుంది. పలోమార్ గడియారం చూశాడు.

"నలభై నిమిషాలుంది," అని వెళ్ళిపోయాడు.

1.31కి రోసాలీ ఆసుపత్రికి ఫోన్ చేసింది. లీజెల్ తల్లి ఫోన్ ఎత్తి కూతురి చెవి దగ్గర పెట్టింది.

"కుట్లు పదకొండు పడ్డాయి," అంది లీజెల్. "వేళ్ళు కదుపుతున్నాను. ఆరు వారాల్లో పిస్తోలు పట్టుకోవచ్చన్నారు. నినోంగ్ అన్నం తిన్నాడా?"

"లేదు."

"తినమని చెప్పండి. ఆయన మనసులో ఏం అనుకుంటున్నాడో నాకు తెలుసు."

"ఆరో స్టేజికి మ్యాగజైన్ నింపినప్పుడు తూటాలన్నీ ఆయన ఇచ్చిన పెట్టెలోవేనా?"

"అన్నీ నినోంగ్‌వే. పెట్టెలోంచి పదిహేను తీశాను. ఐదు కవర్లోవి."

"ఏ కవరు?"

"పొద్దున తూటాల వేగం కొలిచే బల్ల దగ్గర తీసుకుంటారు కదండీ. పరీక్షకి ఎనిమిది తీసుకుని మిగిలినవి కవర్లో పెట్టి తిరిగిచ్చేస్తారు."

"ఐదు తిరిగొచ్చాయా?"

"ఐదే. ఎందుకు?"

"నీకు తర్వాత చెప్తాను. నినోంగ్‌కి అన్నం పెట్టిస్తాను."

---

వేగం కొలిచే బల్ల రెండో స్టేజి వెనక, టార్పాలిన్ కింద ఉంది. అక్కడ చూసే పెద్దాయనకి డెంగీ జ్వరం రావడంతో ఈ పోటీకి ఊళ్ళో అందరూ అక్కా అన్నట్టు మానాంగ్ అని పిలిచే పాసింగ్ కూర్చుంది. పదకొండేళ్ళుగా క్లబ్బు స్కోర్లు కూడేది ఆమే. అంతకుముందు ముప్పై రెండేళ్ళు లెక్కల టీచరు. తుపాకి మాత్రం ఎప్పుడూ కాల్చలేదు.

"రోసాలీ," అంది ఆమె కళ్ళద్దాలు సర్దుకుని. "పోలీసువి అయ్యావని విన్నాను. భిన్నాలు ఇప్పటికైనా వచ్చా?"

"రాలేదు టీచర్. అందుకే మీ దగ్గరికొచ్చాను. లీజెల్ అలార్దె కాగితం చూపిస్తారా?"

ఉదయం 8.50కి పరీక్ష జరిగినట్టు ఆ కాగితంలో ఉంది. తీసుకున్నవి 8. కాల్చి వేగం కొలిచినవి 3. విప్పి గుండు తూచినది 1. తిరిగిచ్చినవి 5.

"ఎనిమిదిలో మూడు కాల్చారు. ఒకటి విప్పారు. నాలుగు కదా మిగలాలి?"

"మూడే కదమ్మా పోయాయి. ఎనిమిదిలోంచి మూడు తీస్తే ఐదు."

"విప్పినదాన్ని ఏం చేశారు?"

"సుత్తి లాంటిది ఉంది కదా, దాంట్లో పెట్టి కొడితే గుండు ఊడొస్తుంది. మందు ఈ డబ్బాలో పోసి, గుండు తూచాను." పాసింగ్ డబ్బా మూత తీసి చూపించింది. సగం నిండి ఉంది. "పెద్దాయనైతే గుండు, గుల్ల విడివిడిగా కవర్లో వేసిచ్చేవాడట. ఇక్కడ గాలికి గుళ్ళు బల్ల మీంచి దొర్లిపోతున్నాయి. పరాయివాళ్ళ వస్తువు నా దగ్గర పోకూడదని, గుండుని మళ్ళీ గుల్లలో పెట్టి ఈ చేతి ప్రెస్సుతో నొక్కేశాను. చక్కగా కూర్చుంది."

"మందు లేకుండా."

"మందు ఇందులో ఉంది కదమ్మా."

రోసాలీ పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"టీచర్, గుల్ల అడుగున ప్రైమర్ ఉంటుంది. అది తీయలేదు కదా?"

"దాన్నెందుకు తీస్తాను? నన్ను గుండు ఒక్కటే తూచమన్నారు."

"ఇలా ఎంతమందివి చేశారు?"

పాసింగ్ కాగితాల కట్ట చూడలేదు. రోసాలీ మొహం చూస్తోంది. "అందరివీ. ముప్పై ఒక్కమంది. లీజెల్ కవరు పొద్దునే ఇచ్చేశాను, మొదటి జట్టు కాబట్టి. మిగతావి భోజనాలప్పుడు పంచాను." ఆమె చెయ్యి డబ్బా మీద ఆగిపోయింది. "రోసాలీ. ఆ పిల్ల చెయ్యి నా వల్లేనా?"

"మేజర్ పలోమార్‌కి కవరు ఇచ్చారా?"

"ఇచ్చాను. ఒకటిన్నరకి. మ్యాగజైన్‌కి తక్కువయ్యాయని తనే వచ్చి అడిగి తీసుకెళ్ళాడు."

అప్పుడు టైము 1.57. ఏడో స్టేజి అక్కడికి తొంభై మీటర్లు.

---

రోసాలీ వెళ్ళేసరికి పలోమార్ కాల్చే గడిలో నిలబడి ఉన్నాడు. పిస్తోలు లోడై ఒరలో ఉంది. రేంజి అధికారి అతని భుజం పక్కన టైమర్ పైకెత్తి పట్టుకున్నాడు.

"ఆపండి," అని అరిచింది.

ఆ మాట ఎవరన్నా అక్కడ అందరూ ఆగాలి. ఆగారు. టైమర్ మోగలేదు.

పలోమార్ చేతులు భుజాల దాకా ఎత్తి, తల ఒక్కటే తిప్పాడు. "కెప్టెన్, కాగితంలో ఇంకో మాట మార్చాలా? రెండు నిమిషాలు ఆగలేకపోయారా?"

"పిస్తోలు ఖాళీ చేయండి సర్."

"కారణం?"

"వేగం బల్ల నుంచి మీకు ఎన్ని తూటాలు తిరిగొచ్చాయి?"

"ఐదు."

"ఎనిమిది ఇచ్చారు. మూడు కాల్చారు, ఒకటి విప్పారు. నాలుగు రావాలి. ఐదోది విప్పినదే. గుండు మళ్ళీ కూర్చారు, మందు పోయలేదు. లీజెల్‌కీ అలాగే ఇచ్చారు. ఆ ఐదూ ఎక్కడున్నాయి?"

పలోమార్ నెమ్మదిగా పిస్తోలు తీసి, మూతి మట్టిగట్టు వైపు పెట్టి, మ్యాగజైన్ జార్చాడు. స్లైడ్ లాగి లోపలున్న తూటా బయటికి తీశాడు. తూటానీ మ్యాగజైన్‌నీ రోసాలీ చేతికిచ్చాడు.

"ఈ తూటా, మ్యాగజైన్‌లో పై నాలుగూ అవే," అన్నాడు.

ఐదూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. పక్కనున్నవాళ్ళలో ఒకడు చెవి దగ్గర పెట్టి ఊపాడు. ఇంకొకడు ఐదూ విప్పేద్దామన్నాడు.

"ఐదు కాదు," అంది రోసాలీ. "ఇక్కడున్న ముప్పై మంది దగ్గరా ఒక్కోటి ఉంది. కొంతమంది కవరు తూటాల్ని పెట్టెల్లో కలిపేసుంటారు. వందలు విప్పాలి. మానోంగ్ తెబాన్‌ని తీసుకురండి."

తెబాన్ వచ్చాడు. విన్నాడు. మొత్తం విన్నాక ఒక్క ప్రశ్న అడిగాడు.

"ముప్పై రెండో గుల్లలో మందుందా?"

"మీ యాభైలోనూ ఉంది మానోంగ్. మీరేం మరవలేదు."

ఆయన చొక్కాకి చెయ్యి తుడుచుకుని మేజర్ తూటాలు అడిగాడు. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. తూటాని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, గుల్ల అంచు గుండుని కలిసే చోట గోరు పెట్టి తిప్పాడు.

"ప్రెస్సులో చివరి నొక్కుకి గుల్ల అంచు లోపలికి ఒంగి గుండుని కరుచుకుంటుంది," అన్నాడు ఎవరినీ ఉద్దేశించకుండా. "సుత్తితో ఊడగొడితే ఆ అంచు విచ్చుకుంటుంది. మళ్ళీ కూర్చినా కరవదు. గోటికి తగులుతుంది."

మొదటిది పక్కన పెట్టాడు. రెండోదాన్ని తిప్పి ఆగాడు. మళ్ళీ తిప్పి ఆర్నెల్‌కి ఇచ్చాడు.

"ఇది విప్పండి."

ఆర్నెల్ విప్పాడు. గుల్లని కాగితం మీద బోర్లించాడు. ఏమీ రాలలేదు.

పలోమార్ ఆ కాగితం వైపు చూశాడు. "రెండోది," అన్నాడు. "మొరాయించిందని స్లైడ్ లాగి మూడోది కాల్చుండేవాణ్ణి."

"మీ చెయ్యీ ఆగదుగా సర్," అన్నాడు ఆర్నెల్.

"నోరు మూసుకుని పెట్టెలు తెప్పించు."

2.10కి అందరి తూటాలూ బల్లల మీద పోశారు. తెబాన్ కూర్చుని ఒక్కొక్కటే గోటికింద తిప్పాడు. పాసింగ్ ఆయన పక్కనే నిలబడి పేర్లు కొట్టేస్తోంది. ఆమె కళ్ళద్దాలు తడిగా ఉన్నాయి. తుడుచుకోవడం లేదు.

"నేను జైలుకి వెళ్ళాలేమో తెబాన్," అంది.

"నీ లెక్క తప్పలేదు పాసింగ్. నీకు ఈ పని ఎవరూ నేర్పలేదు. పెద్దాయన జ్వరం తగ్గి వచ్చేదాకా నువ్వు రోజూ సాయంత్రం మా షెడ్డుకి రా. నేర్పుతాను." ఇంకో తూటా అందుకున్నాడు. "ఇది కూడా. తొమ్మిది."

"ప్రెస్సు ముట్టుకోనన్నారు," అంది రోసాలీ.

"అది పొద్దున మాట ఇందాయ్. ఆ పళ్ళెం ఇటు జరుపు, ఆకలేస్తోంది."

పలోమార్ కాగితం తీసి, కొట్టివేతలతో సహా రోసాలీకి ఇచ్చాడు. "సంతకం లేనిది. మీ దగ్గరే ఉంచండి," అని, బెల్టు విప్పి బల్ల మీద పెట్టి, తూటాలు విప్పేవాళ్ళ వరసలో కూర్చున్నాడు.

3.25కి ఆఖరిది, ముప్పయ్యో తూటా విప్పారు. అందులో మందు లేదు.